ఇచ్ఛాపురం దాటితే కణ భౌతికశాస్త్రం

డిగ్రీలో ఫిజిక్స్ చదివితే బీఈడీ, ఆపైన డీఎస్సీ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇది గౌరవమైన దారి. అయితే లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలకు కణ భౌతికశాస్త్ర పరిశోధన అనే మరో దారీ ఉందని ఎవరో ఒకరు చెప్పాలి.

న్యూట్రినోకు ద్రవ్యరాశి ఉందని 1998లో జపాన్‌లోని సూపర్ కమియోకాండే ప్రయోగం తేల్చింది. కణ భౌతికశాస్త్రపు ప్రామాణిక నమూనాలో దానికి ద్రవ్యరాశి లేదు. విశ్వంలో పావు వంతుకు పైగా ఉన్న కృష్ణ పదార్థానికీ ఆ నమూనాలో చోటు లేదు. రెండు చిక్కులకూ ఒకే జవాబు ఉంటుందా? సూపర్‌సిమ్మెట్రీ ప్రకారం ప్రతి కణానికీ ఒక జోడీ ఉంటుంది. న్యూట్రినో ద్రవ్యరాశి కోసం కుడిచేతి న్యూట్రినోను చేర్చుకుంటే, దాని జోడీ అయిన స్న్యూట్రినో కూడా వెంట వస్తుంది. జోడీలన్నిటిలో అదే తేలికైనదై, ఆర్-ప్యారిటీ నియమం చెక్కుచెదరకుంటే, అది క్షయించే వీలు లేదు. సృష్టి తొలినాళ్ల నుంచి అలాగే మిగిలిపోయి కృష్ణ పదార్థమై ఉండవచ్చు. ఎడమచేతి స్న్యూట్రినో సంగతి వేరు. జడ్ బోసాన్ ద్వారా అది పరమాణు కేంద్రకాలను గట్టిగానే తాకాలి, భూగర్భ డిటెక్టర్లకు ఎప్పుడో చిక్కాలి. చిక్కలేదు కాబట్టి దాని ఆశ దాదాపు వదులుకున్నట్టే. సూపర్‌సిమ్మెట్రీ చెప్పే మరో రెండు కణాలు, న్యూట్రలినో, గ్రావిటినో, ఇంకా బరిలో ఉన్నాయి. అయితే లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో ఇంతవరకు ఒక్క జోడీ కణమూ కనిపించలేదు. ఆ సంగతి తెలిసే ఈ రంగంలోకి రండి.

ఇంటర్ ఎంపీసీ వాళ్లకు దగ్గరి గుమ్మం బరంపురం ఐసర్ అనే సైన్స్ విద్యాసంస్థ. ఇచ్ఛాపురం దాటితే గంటలోపే. 2016లో మొదలైంది, ఐఏటీ పరీక్షతో ప్రవేశం. అలాంటిదే అయిన భువనేశ్వర్ నైసర్‌కు నెస్ట్ పరీక్ష రాయాలి. డిగ్రీలో ఉన్నవాళ్లు జామ్ రాస్తే ఐఐటీ హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చేయవచ్చు. న్యూట్రినో, కృష్ణ పదార్థ సిద్ధాంతాలపై అక్కడ పరిశోధన జరుగుతోంది. పీహెచ్‌డీకి నెట్, జెస్ట్, గేట్ ఉన్నాయి. నెట్ జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, పైగా హెచ్‌ఆర్‌ఏ. ఇంటికి భారం కాకుండా చదువుకోవచ్చు.

ఇప్పటి నుంచే లీనియర్ ఆల్జీబ్రా, కాంప్లెక్స్ అనాలిసిస్, క్వాంటమ్ మెకానిక్స్ లెక్కలు చేత్తో చేయండి. గైడ్ బట్టీ పడితే ఇక్కడ రెండో మెట్టు కూడా ఎక్కలేరు. పైథాన్, లినక్స్ నేర్చుకోండి. మైక్రోమెగాస్ లాంటి ప్రోగ్రాములతోనే కృష్ణ పదార్థం ఎంత మిగలాలో లెక్క కడతారు.

సిద్ధాంత భౌతికశాస్త్రంలో శాశ్వత ఉద్యోగాలు తక్కువ. పీహెచ్‌డీ తర్వాత పోస్ట్‌డాక్‌లతో వయసు ముప్పై దాటిపోతుంది. ఆ మాట అమ్మానాన్నలకు ముందే చెప్పండి. పరిశోధన నుంచి తప్పుకున్నా ఆ గణితం, ఆ కోడింగ్ డేటా సైన్స్ కొలువులకు పనికొస్తాయి. ఆర్కైవ్ వెబ్‌సైట్‌లో పరిశోధన పత్రాలన్నీ ఉచితం. హెచ్‌ఈపీ-పీహెచ్ విభాగంలో ఈ వారమే ఒకటి తెరిచి, మొదటి పేజీ చదవండి.