చెమటను ఆపే విషం

పిల్లలూ! పరీక్ష హాలులో ప్రశ్నపత్రం అందుకోగానే అరచేతులు చెమర్చడం మీ అందరికీ అనుభవమే. కాసేపటికి అది సర్దుకుంటుంది. కాని కొందరికి అలా కాదు. పరీక్ష ఉన్నా లేకున్నా, చలికాలమైనా సరే, చేతుల నుంచి చెమట కారుతూనే ఉంటుంది. జవాబుపత్రం తడిసి సిరా అలుక్కుపోతుంది. అరచేతి కింద చేతిరుమాలు పరచుకొని రాసేవారిని, పరీక్షనాళిక చేజారుతుందేమోనని ప్రయోగశాలలో వెనక వరుసలో నిలబడేవారిని నా తరగతుల్లో చూస్తూనే ఉన్నాను. పక్కవాళ్ళు దీనిని పిరికితనమనో, శుభ్రత లేకపోవడమనో అనుకొని నవ్వుతారు. రెండూ కావు. వైద్యులు దీనిని హైపర్ హైడ్రోసిస్ అంటారు. అనగా అతిస్వేదం. దీనికి ఉన్న చికిత్సలలో ఒకటి మహా విచిత్రమైనది. మనకు తెలిసిన విషాలలోకెల్లా తీవ్రమైన విషాన్ని సూదితో చర్మంలోకి ఎక్కిస్తారు!

ఆ కథకు పోయేముందు అసలు చెమట సంగతి చూద్దాం. మన చర్మంలో 20 లక్షల నుంచి 40 లక్షల దాకా స్వేదగ్రంథులుంటాయి. ఒక్కొక్కటి ఉండచుట్టిన సన్నని గొట్టం వంటిది. అరచేతుల్లో, అరికాళ్ళలో ఇవి మరీ దట్టంగా ఉంటాయి. చర్మం మీద ఒక గ్రాము చెమట ఆవిరి కావాలంటే సుమారు 580 కెలోరీల ఉష్ణం కావాలి. ఎనిమిది గ్రాముల నీటిని 30 డిగ్రీల నుంచి మరిగేదాకా తీసుకుపోవడానికి దాదాపు అంతే ఉష్ణం పడుతుంది. ఆ ఉష్ణాన్ని చెమట మన ఒంటి నుంచే తీసుకుంటుంది కనుక ఒళ్ళు చల్లబడుతుంది. కారిపోయిన చెమట వల్ల లాభం లేదు, ఆరిన చెమట వల్లనే లాభం. విశాఖపట్నంలో ఎండ తక్కువే ఉన్నా ప్రాణం ఉసూరుమనేది ఇందుకే. గాలిలో తేమ ఎక్కువై చెమట ఆరదు.

మరి చెమట పోయమని గ్రంథికి చెప్పేదెవరు? మెదడు. ఆ ఆజ్ఞ వెన్నుపాము గుండా, నాడుల గుండా గ్రంథి దాకా వస్తుంది. కాని నాడి కొస గ్రంథిని తాకదు. మధ్యలో చిన్న సందు ఉంటుంది. నాడి కొసలో ఎసిటైల్ కోలిన్ అనే రసాయనం చిన్న చిన్న తిత్తులలో నిలవ ఉంటుంది. ఆజ్ఞ రాగానే తిత్తులు నాడి అంచుకు చేరి పగులుతాయి, రసాయనం సందులోకి ఒలుకుతుంది, గ్రంథి మేలుకొంటుంది. నాడులు ఇలా రసాయనాల ద్వారా మాట్లాడతాయని 1921లో కప్ప గుండెలతో ప్రయోగం చేసి చూపించినవాడు ఆటో లోవీ. 1936లో ఆయనకూ హెన్రీ డేల్‌కూ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. మన కండరాలను కదిలించే నాడులు వాడేది కూడా ఈ ఎసిటైల్ కోలిన్‌నే. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు పనికివస్తుంది.

అతిస్వేదం ఉన్నవారిలో చాలామందికి గ్రంథుల సంఖ్యా ఎక్కువ కాదు, వాటిలో లోపమూ లేదు. వాటికి వచ్చే ఆజ్ఞలే మితిమీరి ఉంటాయి. ఇది తరచు చిన్నతనంలోనో, యౌవనారంభంలోనో మొదలవుతుంది. కుటుంబంలో మరొకరికి ఉండటం కూడా కద్దు.

ఇక విషం కథ. సుమారు రెండువందల ఏళ్ళ క్రితం జర్మనీలోని వుర్టెంబర్గు ప్రాంతంలో సాసేజి, అంటే పేగులో కూరి నిలవ చేసిన మాంసం తిని కొందరు చనిపోతుండేవారు. యుస్టినుస్ కెర్నర్ అనే వైద్యుడు (ఆయన కవి కూడా) ఆ రోగులను శ్రద్ధగా పరిశీలించి 1822లో ఒక గ్రంథం ప్రకటించాడు. కండరాలు చచ్చుబడటమే కాక, రోగులకు నోరు ఎండిపోవడం, కన్నీరు, చెమట ఆగిపోవడం ఆయన గమనించాడు. ఆ విషాన్ని తాను కూడా కాస్త రుచి చూశాడు. మీరు మాత్రం ప్రయోగశాలలో ఏదీ రుచి చూడకూడదు సుమా! అతి స్వల్ప మోతాదులో ఇది మందుగా పనికిరావచ్చునని కూడా ఆయన ఊహించాడు. ఆ ఊహ ఫలించడానికి నూటయాభై ఏళ్ళు పట్టింది.

1895లో బెల్జియంలోని ఎల్జెల్ గ్రామంలో ఒక అంత్యక్రియలకు వచ్చిన వాద్యగాళ్ళు నిలవ చేసిన పందిమాంసం తిని జబ్బుపడ్డారు. ముగ్గురు చనిపోయారు. వాన్ ఎర్మెంగెమ్ అనే ఆచార్యుడు ఆ మాంసంలోంచి ఒక సూక్ష్మజీవిని వేరుచేశాడు. అదే నేటి క్లాస్ట్రీడియం బొట్యులినం. గాలి తగలని చోట పెరిగి విషం తయారుచేయడం దీని స్వభావం. ఉబ్బిన డబ్బాలోని ఆహారం తినరాదనేది ఇందుకే. తేనెలో దీని సిద్ధబీజాలు ఉండవచ్చు కనుక ఏడాది నిండని పసిబిడ్డల నాలుకకు తేనె రాయవద్దని వైద్యులు చెబుతారు. మన ఇళ్ళలో ఆ అలవాటు ఉంది గనుక అమ్మమ్మలకు, నాయనమ్మలకు ఈ మాట చెప్పండి.

విషం చేసే పని ఏమిటి? అది నాడి కొసలోకి దూరి, తిత్తులను అంచుకు అతికించే మాంసకృత్తును కత్తిరిస్తుంది. పడవ రేవుకు వచ్చింది, సరుకు కూడా ఉంది, కాని కట్టే మోకు తెగిపోయింది. సరుకు దిగదు. ఊపిరి కండరాలకు ఇదే జరిగితే మనిషి చనిపోతాడు. ఒక చిన్న కండరానికి మాత్రమే జరిగితే ఆ కండరం కొంతకాలం సడలి ఊరుకుంటుంది.

ఈ తేడాను వాడుకున్నవాడు అమెరికా కంటి వైద్యుడు ఆలన్ స్కాట్. మెల్లకన్నును సరిచేయడానికి ఆయన దీనిని కంటి కండరాలలోకి ఎక్కించాడు. 1989లో అక్కడి ప్రభుత్వం దీనిని మందుగా అనుమతించింది. బొటాక్స్ అనే పేరు మీరు విన్నది దీనికే. తర్వాత నుదుటి ముడతలు పోగొట్టడానికి దీని వాడకం విపరీతంగా పెరిగింది. నాకు ఆ వేడుక మీద ఆసక్తి లేదు గాని, చెమట సంగతి మాత్రం చాలా బాగుంటుంది. ముఖంలో ఒకవైపు కండరాలు అదిరే జబ్బుకు ఈ సూదిమందు వేసినప్పుడు, సూది పడిన చోట చెమట కూడా ఆగిపోవడాన్ని 1994లో బుషారా, పార్క్ అనే వైద్యులు ప్రకటించారు. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు. కండరానికీ, స్వేదగ్రంథికీ వార్త మోసేది ఒకే ఎసిటైల్ కోలిన్ కదా! మరి పదేళ్ళకు, 2004లో, పైపూత మందులకు లొంగని తీవ్రమైన చంకల చెమటకు దీనిని వాడటానికి అమెరికాలో అనుమతి వచ్చింది.

చెమట సరిగా ఎక్కడ పడుతున్నదో కనుక్కోవడానికి వైద్యులు చేసే పరీక్ష మీ పాఠంలోనిదే. చంకలో అయొడిన్ ద్రావణం రాసి ఆరనిస్తారు. మీద పొడి పిండి చల్లుతారు. చెమట పుట్టిన చోటల్లా నల్లని నీలం చుక్కలు తేలుతాయి. అన్నం మెతుకు మీద అయొడిన్ వేసి మీరు చూసిన రంగే అది. ఆ చుక్కలున్న మేర అంతటా, సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల ఎడంలో, సన్నని సూదితో చర్మంలోకి కొంచెం కొంచెం మందు వేస్తారు. అందులో ఉండే విషం ఎంత? నానోగ్రాములలో. నానోగ్రామంటే గ్రాములో వంద కోట్లవ వంతు.

వారం రోజులలో ఆ చోటు పొడిబారుతుంది. అలా ఆరు నెలలో, అటూ ఇటూగానో ఉంటుంది. నాడి మళ్ళీ కోలుకొని రసాయనం వదలడం మొదలుపెట్టగానే చెమట తిరిగివస్తుంది. మళ్ళీ సూది వేయించుకోవాలి. చంకల్లో చెమట ఆగితే ఒళ్ళు వేడెక్కిపోదా అని మీరు అడగవచ్చు. పోదు. శరీరంలోని మొత్తం గ్రంథులలో అక్కడున్నవి చాలా కొద్ది. అరచేతుల్లో మాత్రం చిక్కుంది. అక్కడ సూది చాలా నొప్పి, పైగా మందు కింది కండరాలకు పాకితే కొన్నాళ్ళు పట్టు తగ్గుతుంది. గుండీ పెట్టుకోవడం కూడా కష్టం కావచ్చు.

ఈ మందు వైద్యుని చేతిలోనే ఉండాలి. 2024లో అమెరికాలో నకిలీ మందు వేయించుకొని కొందరు ఆసుపత్రుల పాలయ్యారు. చంకల చెమటకు ఇచ్చిన ఆ అనుమతి కూడా పద్దెనిమిదేళ్ళు నిండినవారికే. మీ వయసులో వైద్యులు మొదట చూసేది పైపూతలు. రాత్రి పడుకునేముందు రాసే అల్యూమినియం క్లోరైడు ద్రావణం అందులో ఒకటి. అది గ్రంథి మూతిని పూడ్చేస్తుంది. నీళ్ళ పళ్ళెంలో చేతులుంచి స్వల్ప విద్యుత్తు పంపే పద్ధతి కూడా ఉంది. అది వైద్యుల దగ్గరున్న ప్రత్యేకమైన యంత్రంతోనే జరగాలి. ఇంట్లో తీగలతో చేయబోతే ప్రాణం పోతుంది.

మీకు గాని, మీ స్నేహితునికి గాని ఈ బాధ ఉంటే చర్మవైద్యుని దగ్గరకు వెళ్ళేముందు ఒక పరిశీలన చేసుకొని వెళ్ళండి. గాఢనిద్రలో ఉన్నప్పుడు మీ అరచేతిని తాకి చూడమని అమ్మతో చెప్పండి. మామూలు అతిస్వేదమైతే నిద్రలో చేయి పొడిగా ఉంటుంది. అలా కాక రాత్రివేళ ఒళ్ళంతా చెమటతో తడుస్తుంటే కారణం వేరే జబ్బు కావచ్చు. క్షయ, థైరాయిడ్ వంటివి ఉన్నాయేమో వైద్యుడు చూస్తాడు. ఆయన అడిగే మొదటి ప్రశ్నలలో ఇది తప్పకుండా ఉంటుంది.