డ్రైవ్‌లు నీ చేతికొచ్చాక

చి॥ శ్రీనుకు,

పరవాడ ఫ్యాక్టరీలో మోటార్ల వేగం మార్చే డ్రైవ్‌లన్నీ నీకు అప్పజెప్పారని అక్క ఫోన్లో చెప్పింది. సంతోషం. ప్యారామీటర్ల పుస్తకం చూసి బెంగ పెట్టుకున్నావని కూడా చెప్పింది. అందులో ముప్పాతిక వంతు నీకెప్పుడూ అవసరం పడదు. ముందు లోపల కరెంటు ఏమవుతోందో తెలుసుకో.

ఇండక్షన్ మోటారు ఎంత వేగంతో తిరగాలన్నది పోల్స్ సంఖ్యను బట్టి, సప్లై హెర్ట్జ్‌ను బట్టి ఉంటుంది. నాలుగు పోల్స్ మోటారుకి 50 హెర్ట్జ్ ఇస్తే లోపలి అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. రోటరు కాస్త వెనకబడి 1440 దగ్గర నడుస్తుంది. ఉన్న మోటారుకి పోల్స్ మార్చలేం, హెర్ట్జ్ మార్చాలి. డ్రైవ్ చేసేది అదే. వచ్చిన మూడు ఫేజుల ఏసీని ముందు డయోడ్లతో డీసీ చేస్తుంది. 415 వోల్టుల సప్లై అయితే డీసీ బస్ మీద 580 వోల్టుల పైచిలుకు నిలుస్తుంది. కెపాసిటర్లు దాని ఎగుడుదిగుళ్లు సరిచేస్తాయి. ఆపైన ఐజీబీటీలనే ఆరు ఎలక్ట్రానిక్ స్విచ్‌లు ఆ డీసీని సెకనుకు వేలసార్లు ఆన్, ఆఫ్ చేస్తూ, మనం అడిగిన హెర్ట్జ్‌లో మోటారుకి పంపుతాయి. మోటారు పక్కన నిలబడితే సన్నగా కీచుమని వినిపిస్తుందే, అది ఆ స్విచింగ్ చప్పుడే.

హెర్ట్జ్ తగ్గించినప్పుడు వోల్టేజీ కూడా అదే పాళ్లలో తగ్గాలి. 50కి 415 అయితే 25కి సుమారు 207. తగ్గకపోతే మోటారు కోరు సాచురేట్ అయిపోయి కరెంటు విపరీతంగా లాగుతుంది. 50 దాటాక వోల్టేజీ ఇక పెరగదు కాబట్టి టార్కు పడిపోతుంది.

డ్రైవ్ పెడితే చాలు బిల్లు సగమవుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. నువ్వు మాత్రం ముందు లోడ్ చూడు. గాలిని అడ్డుకునే డ్యాంపర్ సగం మూసి నడిపే బ్లోయర్ ఉందనుకో, అక్కడ డ్రైవ్ బంగారం. డ్యాంపర్ పూర్తిగా తెరిచి వేగం 40 హెర్ట్జ్‌కి దించితే గాలి 80 శాతం వస్తుంది, పవర్ మాత్రం 0.8ని మూడుసార్లు గుణించినంతే, అంటే దాదాపు 51 శాతమే పడుతుంది. కూలింగ్ టవర్ ఫ్యానుదీ ఇదే లెక్క. ఓవర్‌హెడ్ ట్యాంకుకి నీళ్లెక్కించే పంపుకి ఈ లెక్క పూర్తిగా కుదరదు. ఆ ఎత్తుకి నీళ్లు నెట్టడానికి కొంత వేగం ఉండే తీరాలి. అంతకన్నా దించితే పంపు తిరుగుతూనే ఉంటుంది, చుక్క పైకి రాదు. కన్వేయర్‌కి వేగం సగం చేస్తే పవర్ సగం దాకా తగ్గుతుందంతే. ఇక రోజంతా ఫుల్ స్పీడులోనే నడిచే మోటారుకి డ్రైవ్ పెడితే దాని నష్టం కూడా మన బిల్లులోనే పడుతుంది. మేనేజరు అడిగితే మొహమాటపడకుండా ఈ మాటే చెప్పు.

ఇదే ఏసీ–డీసీ–ఏసీ పద్ధతి పెద్దయెత్తున గాజువాకలో ఉంది. దక్షిణాది గ్రిడ్ ఒకప్పుడు మిగతా దేశంతో కలవకుండా తన ఫ్రీక్వెన్సీలో తను నడిచేది. తూర్పు గ్రిడ్‌కీ మనకీ మధ్య కరెంటు ఇచ్చిపుచ్చుకోవడానికి అక్కడ బ్యాక్-టు-బ్యాక్ స్టేషన్ కట్టారు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైనుతో గ్రిడ్లన్నీ ఒకటయ్యాయి. జపాన్‌లోనైతే నేటికీ తూర్పున 50, పడమర 60 హెర్ట్జ్. రెంటి మధ్యా ఇలాంటి స్టేషన్లే పనిచేస్తున్నాయి. సెలవు రోజున గాజువాక వైపు వెళ్తే బయట్నుంచైనా చూసి రా.

ఇక పనిలో జాగ్రత్తలు. సప్లై వైర్లు పొరపాటున మోటారు వైపు టెర్మినల్స్‌కి బిగిస్తే ఆన్ చేసిన క్షణమే డ్రైవ్ పేలిపోతుంది. ఇన్సులేషన్ పరీక్షకు మెగ్గర్ పెట్టే ముందు మోటారు కేబుల్ డ్రైవ్ నుంచి విప్పు. మరీ తక్కువ హెర్ట్జ్‌లో గంటల తరబడి నడిపితే షాఫ్టు మీది ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది, మోటారు వేడెక్కుతుంది; దానికి విడిగా ఫ్యాను పెట్టమని అడుగు.

అన్నిటికన్నా ముఖ్యం, మెయిన్ ఆఫ్ చేయగానే కవరు తీయకు. డిస్‌ప్లే ఆరిపోయినా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజీ ఉంటుంది. కవరు మీద ఎన్ని నిమిషాలని రాసి ఉంటే అన్ని నిమిషాలూ ఆగు. ఆ తర్వాత డీసీ ప్లస్, మైనస్ మధ్య మీటరు పెట్టి చూసుకో. రీడింగు సున్నాకి వస్తేనే చెయ్యి పెట్టు. తొందరపెట్టే సూపర్‌వైజరుంటే నా పేరు చెప్పి ఆపు.

మీ మామయ్య