వానాకాలం సలహాలు: బోడకాకరలో ఆడ, మగ తీగల లెక్క

సిద్దిపేట జిల్లా మిరుదొడ్డి ప్రాంతంలో తొలకరి పడగానే చెలకల గట్లపైనా, పొదల మాటునా తనంతట తాను చిగురించే బోడకాకర, కోస్తా జిల్లాలవారు ఆగాకర అని పిలిచే ఈ దోస కుటుంబపు చిన్న తీగ, వానాకాలపు అంగళ్లలో మంచి ధర పలుకుతున్నా, నేటికీ ఎక్కువగా అడవి నుంచి ఏరి తెచ్చే కాయగానే మిగిలి ఉంది. వరి, పత్తి, మొక్కజొన్నలతో పాటు నాలుగైదు గుంటలలో పందిరి వేసి దీనిని పండించుకోవడం చిన్న రైతుకు సాధ్యమే గాని, ఆ ప్రయత్నం ఫలించడం తీగల లింగాన్ని గుర్తించడంపైనే ఆధారపడి ఉంటుంది.

ఆడ, మగ తీగల గుర్తింపు

బీర, సొర తీగలలో ఆడ, మగ పూలు రెండూ ఒకే మొక్కకు పూస్తుండగా, బోడకాకరలో అవి వేర్వేరు తీగలకు పూస్తాయి. ఇటువంటి మొక్కలను వృక్షశాస్త్రంలో ఏకలింగాశ్రయులు అంటారు. గట్టి పెంకు గల విత్తనం ఆలస్యంగా, అరకొరగా మొలవడమే కాక, మొలిచిన వాటిలో సుమారు సగం మగ మొక్కలే అవుతాయి, పూత వచ్చేదాకా ఏది ఏదో తెలియదు. కనుక లింగం తెలిసిన తీగల గడ్డలను నాటడమే మేలు. ఆడ పువ్వును తిప్పి చూస్తే పసుపు రేకుల కింద మెత్తని ముళ్లతో చిన్న పిందె కనబడుతుంది. మగ పువ్వుకు పిందె ఉండదు, దాని కాడపై దొప్ప వంటి చిన్న ఆకు మాత్రం ఉంటుంది. మెరుగైన రకం కోరేవారికి రాయ్‌పూర్‌లోని ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం రూపొందించిన ఇందిరా కంకోడ-1 ఉంది.

నాటే విధానం

నీరు నిలవని ఎర్ర చెలక నేలలు అనువైనవి. నీరు నిలిస్తే గడ్డ కుళ్లిపోతుంది. రెండు మీటర్ల ఎడంతో గుంతలు తీసి, చివికిన పశువుల ఎరువు, వేపపిండి కలిపి, జూన్‌లో మృగశిర వానలకు గడ్డలు నాటాలి. ప్రతి మూడో వరుసలో ప్రతి మూడో గుంతకు మగ గడ్డ పెడితే ఒక మగ తీగకు ఎనిమిది ఆడ తీగలు వస్తాయి. ఈ లెక్కన ఎకరంలోని సుమారు 1000 గుంతలలో 110 మగ తీగలకు సరిపోతాయి. పక్క మొక్కజొన్న చేలో కలుపుకు 2,4-డి చల్లితే గాలికి కొట్టుకొచ్చే తుంపరలకే ఈ తీగలు మాడిపోతాయి గనుక ఇరుగుపొరుగు రైతులతో ముందే మాట్లాడుకోవాలి.

పరాగ సంపర్కం, సస్యరక్షణ

మగ పువ్వులోని పుప్పొడి ఆడ పువ్వు కీలాగ్రానికి చేరడమే పరాగ సంపర్కం. బోడకాకర పూలు పొద్దుగూకే వేళ విచ్చుకుంటాయి. ఆడ పూలు పిందె కట్టకుండానే రాలుతుంటే, ఆ వేళ మగ పువ్వును కోసి, రేకులు తీసి, దాని పుప్పొడిని ఆడ పువ్వు నడుమ సున్నితంగా తాకించాలి. పండు ఈగ పిందెలో గుడ్లు పెట్టగా పుట్టిన పురుగులు లోపలి గుజ్జును తినివేస్తాయి కాబట్టి, మగ ఈగలను ఆకర్షించే క్యూలూర్ ఎరలను పందిరికి వేలాడదీసి, పుచ్చిన కాయలను ఏరి లోతుగా పాతిపెట్టాలి. బూడిద తెగులు కనిపించినా గంధకపు మందులు చల్లరాదు; తీగజాతి కూరగాయల లేత ఆకులు వాటికి మాడిపోతాయి.

కోత, వచ్చే ఏటి ఏర్పాటు

ముళ్లు మెత్తగా, గింజలు లేతగా ఉన్నప్పుడే రెండు మూడు రోజులకొకసారి కాయలు కోయాలి. పసుపు తిరిగిన కాయకు ధర ఉండదు. చలికాలానికి తీగ ఎండినా గడ్డ నేలలో నిద్రాణంగా, అంటే ఎదుగుదల ఆగి, బతికే ఉండి, మరుసటి తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. తీగ ఎండాక ఆడ మగ తేడా తెలియదు కనుక, పూత కాలంలోనే ఆడ తీగ మొదట ఒక రంగు గుడ్డ పేలిక, మగ తీగ మొదట వేరొకటి కట్టి ఉంచాలి. గట్లపై, అడవిలో దొరికే గడ్డలను విత్తనానికి తెచ్చేవారు అన్నింటినీ పెళ్లగించక, కొన్నింటిని అక్కడే వదలడం తప్పనిసరి; మగ తీగ పనికిరానిదని పీకివేస్తే చుట్టుపక్కల ఆడ తీగలూ కాయవు. మరిన్ని వివరాలకు ఇదే జిల్లా ములుగులోని శ్రీ కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలను సంప్రదించవచ్చు.