ఫోమ్ రోలర్: శిక్షకుడు నేర్వవలసిన విద్య

విశాఖపట్నం శ్రామిక నగరం. 1933లో ఓడరేవు ప్రారంభమైనది; 1992లో ఉక్కు కర్మాగారం జాతికి అంకితమైనది. ఇట్టి చోట గంటల తరబడి నిలిచి పనిచేసే కాళ్ళు అనేకం. వారు వ్యాయామశాలకు వచ్చినపుడు శిక్షకులు ఫోమ్ రోలర్‌ను చేతికిచ్చుట నేడు పరిపాటి.

ఇది స్తూపాకారపు గట్టి స్పంజి దిమ్మ. దీనిని నేలపై ఉంచి, పిక్కనో తొడనో దానిపై ఆనించి, శరీర భారంతో మెల్లగా ముందుకు వెనుకకు దొర్లవలెను. ఒక్కొక్క కండరానికి ఒకటి రెండు నిమిషాలు చాలును. ఊపిరి బిగబట్టరాదు. నొప్పి హెచ్చినచో భారాన్ని చేతులపై మోపి ఒత్తిడి తగ్గించవలెను. ఎముకలపై, కీళ్ళపై దొర్లరాదు.

కెనడా పరిశోధకులు 2013లో ప్రకటించిన ప్రయోగంలో, తొడ ముందు కండరాన్ని మొత్తం రెండు నిమిషాలు దొర్లించగా మోకాలి వంపు సుమారు 10 డిగ్రీలు పెరిగినది; బలం తగ్గలేదు. అయితే ఈ ఫలితం తాత్కాలికం.

కావున శిక్షకుడు మొదట చూడవలసినది కాలిని. ఒక పిక్క మాత్రమే వాచి, వెచ్చగా, నొప్పిగా ఉన్నచో లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చును. దానిని నొక్కినచో గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణాపాయం కలుగవచ్చును. అట్టివానిని వెంటనే వైద్యుని వద్దకు పంపవలెను. వ్యాయామ శిక్షణను వృత్తిగా ఎంచుకొనదలచిన విద్యార్థులు రోలర్‌ను ఎపుడు వాడవలెనో, ఎపుడు పక్కన పెట్టవలెనో రెండూ నేర్వవలెను.