సముద్రంలో ఎర్త్ గొయ్యి

చేబ్రోలు,
మే, 2025.

చిరంజీవి అల్లుడికి,

  

నిన్న రాత్రి ఫోనులో నువ్వు చెప్పింది విన్న దగ్గర్నుంచీ నాకు అదే ఆలోచన. నిజాంపట్నంలో ఆ ఫైబర్ బోటుకి రాడార్ బిగించావు. తెర వెలిగింది. ఇంజను వెయ్యగానే తెరనిండా గీతలు, వైర్‌లెస్‌లో గర్రుమని చప్పుడు. 'సెట్టే పాడైందేమో మామయ్యా, వెనక్కి పంపించేద్దామా' అన్నావు. తొందరపడకు. చాలాసార్లు సెట్టు బాగానే ఉంటుంది, వైరింగే బాగుండదు. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని కాగితం మీద పెడుతున్నాను. పక్కన పెట్టుకుని పని చేసుకో.

ఈ పొద్దున పెరట్లో ఎర్త్ గొయ్యిలో రెండు బిందెల నీళ్లు పోసొచ్చాను. ఎండాకాలం నేల ఆరిపోతే ఎర్త్ పట్టదు. ఆ గొయ్యి తవ్వించిన రోజున మీ తాతయ్య ఉప్పూ బొగ్గూ వేయించింది కూడా తడి నిలబడటానికే. ఇంట్లో మనకి కాళ్ల కింద భూమి ఉంది, గొయ్యి తవ్వితే చాలు. ఫైబర్ బోటుకి ఆ భాగ్యం లేదు. చుట్టూ ఉప్పునీళ్లే ఉన్నా మధ్యలో ఫైబర్ పొర అడ్డం. నేను విశాఖలో ఓడల మీద పనిచేసేటప్పుడు పెయింటు గీకి ఇనుముకి ఒక బోల్టు వేస్తే సరిపోయేది, ఓడ ఒళ్లంతా ఎర్తే. చెక్క బోటులో, ఫైబర్ బోటులో ఎర్త్‌ని మనమే కట్టుకోవాలి. ఈ ఉత్తరంలో నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతావన్నీ దీని కొమ్మలు.

ముందు ఒక తికమక తీర్చుకో. నెగటివ్ వేరు, ఎర్త్ వేరు. రాడార్ వాడుకున్న కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి నెగటివ్. ఎర్త్ తీగలో అలా కరెంటు నడవకూడదు. సెట్టు పెట్టెకీ, కేబుల్ లోపలి జాలీ తొడుగుకీ అంటుకున్న చప్పుడు నీళ్లలోకి దిగిపోవడానికి వేసే దారి అది. నువ్వు పంపిన ఫోటోలో రాడార్ నెగటివ్‌ని దగ్గర్లో ఉంది కదా అని ఇంజను ఒంటికి బిగించావు. ఆల్టర్నేటరూ స్టార్టరూ తమ కరెంటుని ఆ ఇనుములోంచే తిప్పుకుంటాయి. వాటి రొదంతా నీ రాడార్‌లోకి నడిచి వస్తోంది. ఆ వైరు తీసెయ్. పాజిటివ్, నెగటివ్ రెండూ జతగా బ్యాటరీ దగ్గర్నుంచే నేరుగా రావాలి.

రాడార్‌కి ఇంత సున్నితం ఎందుకో కూడా తెలుసుకో. చిన్న బోట్ల రాడార్లలో చాలావాటిలో తరంగాల్ని పుట్టించే మాగ్నెట్రాన్ 4 కిలోవాట్ల దెబ్బ కొడుతుంది, అదీ ఒక మైక్రోసెకను కంటే తక్కువసేపు. తిరిగొచ్చే ప్రతిధ్వని మాత్రం లెక్కలోకి రానంత చిన్నది. అది ఒక మైక్రోసెకను ఆలస్యంగా వచ్చిందంటే ఎదుటి వస్తువు 150 మీటర్ల దూరంలో ఉన్నట్టు. దోమ రొదలాంటి ఆ శబ్దాన్ని వినాల్సిన చెవి పక్కన ఆల్టర్నేటరు డప్పు వాయిస్తుంటే ఏం వినిపిస్తుంది?

ఇక వైరు లావు. బ్యాటరీ నుంచి కేబిన్ దాకా 10 మీటర్లు అన్నావు. పోనూ రానూ 20 మీటర్లు. నువ్వు వేసింది 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు. లెక్క వెయ్యి: ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగకి మీటరుకి 0.0175 ఓము, దాన్ని 20తో హెచ్చించి 2.5తో భాగిస్తే 0.14 ఓములు. రాడార్ 5 ఆంపియర్లు లాగితే 0.7 వోల్టు దారిలోనే పోతుంది. 12 వోల్టుల బోటులో అది దాదాపు 6 శాతం. ఇలాంటి సెట్లకి 3 శాతం దాటనివ్వకూడదు. 6 చదరపు మిల్లీమీటర్లది వేస్తే 0.3 వోల్టుకి దిగుతుంది. వైరు ఖర్చు పెరుగుతుందని ఓనరు గొణిగితే ఈ లెక్క ఆయన ముందు పెట్టు. ఫ్యూజు మాత్రం బ్యాటరీకి జానెడు లోపే ఉండాలి. కేబిన్‌లో ఫ్యూజు పెడితే కింద 10 మీటర్ల వైరుకి కాపలా ఎవరు? ఎక్కడో ఒరుసుకుని షార్ట్ అయితే నడిసముద్రంలో మంట. వీలైతే సెట్లకి వేరే బ్యాటరీ పెట్టించు. స్టార్టరు తిప్పినప్పుడల్లా వోల్టేజీ కుంగి రాడార్ ఆరిపోకుండా ఉంటుంది.

వైరు కొనేటప్పుడు కళాయి పూసిన రాగి తీగే అడుగు. ఇత్తడి గిన్నెకి కళాయి ఎందుకు పెట్టిస్తామో దీనికీ అందుకే. మామూలు రాగి ఉప్పుగాలికి లోపల్లోపలే నల్లబడిపోతుంది, పైన ప్లాస్టిక్ నిగనిగలాడుతూనే ఉంటుంది. తీగలు మెలిపెట్టి టేపు చుట్టే అలవాటు ఇంటి పని దగ్గరే వదిలెయ్. లగ్ క్రింప్ చేసి, స్లీవు వేసి, వేడి చూపించు. కేబుల్ కేబిన్‌లోకి దూరే చోట కిందికి ఒక వంపు వదులు, వాననీళ్లు ఆ వంపులోంచి కారిపోతాయి.

ఇప్పుడు అసలు పని. వేట నిషేధం జూన్ 14 దాకా ఉంది, బోటు గట్టు మీదే ఉంది. ఇంతకంటే మంచి సమయం దొరకదు. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న కంచు పలక గానీ రాగి పలక గానీ తీసుకో. బోటు ఖాళీగా తేలినా నీళ్లలోనే మునిగి ఉండే చోట బయటివైపు బిగించు. బోల్టు రంధ్రాలకి నీళ్లు రాకుండా సీలెంటు దట్టించు. బోటు అడుక్కి రంగు వేసేవాళ్లకి ఆ పలక మీద బ్రష్ పెట్టొద్దని ముందే చెప్పు. రంగు పడితే గొయ్యి ఎండిపోయినట్టే. పలక నుంచి కేబిన్‌కి గుండ్రటి తీగ వద్దు, రెండంగుళాల వెడల్పు రాగి పట్టీ వెయ్యి. ఈ చప్పుడు లోహం పైపొర మీదే ప్రాకుతుంది, అందుకని వెడల్పు ముఖ్యం. దారి ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. కేబిన్‌లో ఒక రాగి బద్ద బిగించి రాడార్, వైర్‌లెస్, ఫిష్ ఫైండర్ల ఎర్త్‌లన్నీ విడివిడిగా దానికే తెచ్చి కలుపు. ఒకదాని నుంచి ఇంకోదానికి గొలుసులా కలపొద్దు.

బోటు అడుగున ఉండే జింకు దిమ్మ సంగతి మరిచిపోకు. ఉప్పునీళ్లలో వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగిలితే బలహీనమైనది కరిగిపోతుంది. జింకు తాను కరిగి ప్రొపెల్లర్‌నీ షాఫ్టునీ కాపాడుతుంది. ఏటా చూసి, సగం అరిగితే మార్చెయ్యాలి.

నీ వయసులో నేను చేసిన ఒక తప్పు నీకు చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఒక చెక్క బోటుకి రాడార్ బిగించాను. తెర మీద గీతలు కనిపిస్తే కారణం వెతకలేదు, రాడార్ సున్నితం తగ్గించే గెయిన్ నాబ్ వెనక్కి తిప్పాను. గీతలు పోయాయి, ఓనరు సంతోషించాడు, డబ్బులు తీసుకుని వచ్చేశాను. జనవరిలో పొగమంచు పట్టిన తెల్లవారుజామున ఆ బోటు మొగ దగ్గరికి వచ్చింది. తెర ఖాళీగా ఉందని సరంగు ముందుకి పోనిచ్చాడు. ఎదురుగా వల వేసుకున్న చిన్న తెప్ప. అందులో తండ్రీ కొడుకూ. చివరి క్షణంలో కేక విని చుక్కాని తిప్పాడు కాబట్టి సరిపోయింది. చెక్క తెప్ప నుంచి వచ్చే ప్రతిధ్వని అసలే బలహీనం. గీతలతో పాటు ఆ చుక్కని కూడా నేనే చెరిపేశాను. తర్వాత వెళ్లి ఎర్త్ బోల్టు విప్పితే కింద పెయింటు అలాగే ఉంది. టేపు విప్పితే పచ్చగా చిలుము. ఆ పచ్చదనం ఇప్పటికీ కళ్ల ముందు ఉంటుంది. అందుకే చెబుతున్నాను, నాబ్‌తో గీతల్ని దాచొద్దు. కారణం దొరికేదాకా వెతుకు.

వెతికే పద్ధతి ఇది. ఇంజను ఆపి ఒక్క రాడార్ వేసి చూడు. గీతలు లేవంటే తప్పు ఇంజను వైపు ఉంది. తర్వాత ఒక్కో సెట్టూ ఆన్ చేస్తూ పో, ఏది వేస్తే వస్తున్నాయో రాసుకో. వైర్‌లెస్ బటన్ నొక్కినప్పుడే వస్తే ఆ రెండు కేబుళ్లూ ఒకే పైపులో పడుకుని ఉంటాయి. మూరెడు దూరం జరుపు, కలవక తప్పని చోట అడ్డంగా దాటించు. మిగిలిన కేబుల్‌ని చుట్ట చుట్టి సెట్టు వెనక కుక్కకు. చుక్కలు వరసగా సుడి తిరుగుతూ కనిపిస్తే భయపడకు, అది ఇంకో బోటు రాడార్. మల్టీమీటరుతో సెట్టు పెట్టె నుంచి పలక దాకా కొలువు, ఒక ఓము కూడా రాకూడదు.

జాగ్రత్తలు రెండు. రాడార్ డోము మూత తీసే ముందు కరెంటు ఆపి కాసేపు ఆగు, లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ మిగిలి ఉంటుంది. మాగ్నెట్రాన్‌లో బలమైన అయస్కాంతం ఉంటుంది, దిక్సూచికి ఎంత దూరం ఉండాలో పుస్తకంలో చూసి మరీ బిగించు.

నువ్వు నేర్చుకునే ఈ పని రాడార్‌తో ఆగిపోదు. మన హార్బర్లో చాలా బోట్లకి రాడార్ లేకపోయినా జీపీఎస్, వైర్‌లెస్ ఉన్నాయి. పోయినేడు ఆగస్టులో మొదలుపెట్టిన పథకంలో దేశమంతా 1 లక్ష బోట్లకి ఇస్రో ట్రాన్స్‌పాండర్లు బిగిస్తున్నారు. నెట్‌వర్క్ అందని చోట కూడా తుఫాను కబురు వాటికి చేరుతుంది, ఆపదలో ఉంటే బోటు నుంచి కబురు తిరిగి వస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచినప్పుడు వేటకి వెళ్లినవాళ్లకి చెప్పే ఇలాంటి దారి లేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటేనాటికి ఎన్నో రోజుల ముందే కబురుంది. ఆకాశం నుంచి అంత దూరం వచ్చిన కబురు చివరి రెండు మీటర్లలో చిలుము పట్టిన జాయింటు దగ్గర ఆగిపోకూడదు. ఆ రెండు మీటర్లు నీ చేతిలో ఉన్నాయి.

నా క్రింపింగ్ టూలు మీ అమ్మకి ఇచ్చి పంపుతున్నాను. ఆదివారం తెనాలిలో రేపల్లె రైలు ఎక్కుతుంది, స్టేషనుకి ఎదురెళ్లు. ఇంకొక్క మాట. జూన్ 14 అర్ధరాత్రి దాటాక ఆ బోటు మొదటి వేటకి వెళ్లేటప్పుడు నువ్వూ ఎక్కు. ఒక రాత్రి కలాసీల మధ్య పడుకుని, నీ చేత్తో వేసిన వైరింగు మీద అంతమంది నిద్రపోవడం చూసి రా. ఆ తర్వాత నేను నీకు చెప్పాల్సింది ఏమీ ఉండదు.

ఇట్లు,
మీ మామయ్య