ఒకదానికి ఒకటే!

చిత్తూరు తోటల్లోని తోతాపురి మామిడి చెట్టుకూ, మీకూ ఒక పోలిక ఉంది: ఇద్దరి శరీరాలూ కణాలతో కట్టినవే. ఒక తేడా కూడా ఉంది. మీ కణాల్లో సెంట్రియోళ్ళుంటాయి. మామిడి కణాల్లో అవి లేవు. అవి లేకుండానే మామిడి కణాలు విభజన చెందుతాయి. జంతుకణంలో మాత్రం క్రోమోసోములను చెరిసగం లాగే కండె రెండు కొసలా సెంట్రియోళ్ళే ఉంటాయి.

సెంట్రియోలు ఒక బుల్లి గొట్టం. పొడవు మిల్లీమీటరులో సుమారు రెండువేలవ వంతు. దాని గోడలో 9 కట్టలు, కట్టకు 3 నాళికలు. మొత్తం ఎన్నో మీరే లెక్కకట్టండి!

అప్పుడే పుట్టిన కణంలో 2 సెంట్రియోళ్ళుంటాయి. విభజనకు ముందు ఒక్కొక్క దాని పక్కన, లంబంగా, ఒక్క పిల్ల మొలుస్తుంది. మొత్తం 4 అవుతాయి. విభజనలో పిల్లకణానికి రెండేసి దక్కుతాయి.

మరి ఒకదానికి ఒకటే ఎందుకు మొలవాలి? ఈ లెక్క చూసే ప్రోటీను పేరు పి.ఎల్.కె.-4. దీని పనిని 2005లో రెండు బృందాలు బయటపెట్టాయి. ఒకటి మానవ కణాల్లో, ఇంకొకటి పండ్ల ఈగలో. ఈ ప్రోటీనును తీసేస్తే కొత్త సెంట్రియోళ్ళు పుట్టవు. ఎక్కువ చేస్తే తల్లి చుట్టూ పూరేకుల్లా అనేకం మొలుస్తాయి!

కనుక దాని మోతాదు ముఖ్యం. ఇక్కడే ఒక చమత్కారం ఉంది. పి.ఎల్.కె.-4 ఇతర ప్రోటీన్లకు ఫాస్ఫేటు తగిలించే ఎంజైము. అది తనకు తానే ఫాస్ఫేటు తగిలించుకుంటుంది. అలా గుర్తుపడిన అణువులను కణం ముక్కలు చేసేస్తుంది. మొదట తల్లి చుట్టూ వలయంలా ఉన్న ఈ ప్రోటీను చివరికి ఒక్కచోటనే మిగులుతుంది. అక్కడే శాస్-6 అనే ప్రోటీను తొమ్మిది ఆకుల చక్రాన్ని కడుతుంది. పిల్ల సెంట్రియోలుకు అదే పునాది.

లెక్క తప్పితే ఏమవుతుంది? సెంట్రియోళ్ళు ఎక్కువైతే కండెకు మూడు, నాలుగు కొసలు ఏర్పడవచ్చు. క్రోమోసోముల పంపకం చెడుతుంది. దీనికీ క్యాన్సరుకూ సంబంధం ఉండవచ్చని జర్మన్ శాస్త్రజ్ఞుడు బోవెరి 1914లోనే ఊహించాడు. అనేక క్యాన్సరు కణాల్లో అదనపు సెంట్రియోళ్ళు నిజంగానే కనబడుతున్నాయి.

పి.ఎల్.కె.-4 జన్యువు లోపిస్తే, గర్భంలోని శిశువు మెదడు సరిగా ఎదగక తల చిన్నదవుతుందని 2014లో తెలిసింది. అయితే లోపమున్న జన్యువు తల్లి నుంచీ, తండ్రి నుంచీ కూడా వస్తేనే ఈ జబ్బు వస్తుంది. దగ్గరి బంధువులిద్దరిలో ఒకే లోపం ఉండే అవకాశం ఎక్కువ. మన రాయలసీమలో మేనరికాలు మామూలే కదా! అందుకే అటువంటి సంబంధం కలుపుకునే ముందు వైద్యుని సలహా అడగమని పెద్దలకు మీరు చెప్పవచ్చు.

ఆలోచించండి: 2 సెంట్రియోళ్ళున్న ఒక కణంలో పి.ఎల్.కె.-4 లేదు. అది రెండుగా, ఆ రెండూ నాలుగుగా చీలాయి. ఆ నాలుగింటిలో ఎన్ని కణాలకు సెంట్రియోలు దక్కుతుంది?

(జవాబు: రెండింటికి, ఒక్కొక్కటి.)