పనిముట్లు రోడ్డెక్కే ముందు

గొర్రు, గుంటక ఎంత వెడల్పుగా ఉంటే చేనులో పని అంత త్వరగా సాగుతుంది. రోడ్డు మీద ఆ వెడల్పే ప్రమాదకరం. సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతంలో ఫ్యాక్టరీల లారీలు తిరిగే దారినే మన ఎడ్లు, ట్రాక్టర్లు, పాల క్యాన్ల బండ్లు కూడా నడవాలి.

1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థ, నల్లరేగడిలో కాలువతో కలిపి 150 సెం.మీ. వెడల్పు గల ఎత్తుమడుల సాగుకు ట్రోపికల్టర్ అనే ఎడ్ల పరికరాన్ని వాడింది. ఫ్రెంచి ఇంజనీరు జాన్ నోల్ రూపొందించిన ఈ రెండు చక్రాల చట్రానికి నాగలి, గొర్రు వంటివి బిగిస్తారు. మీటతో ఎత్తితే అవి నేలకు తగలవు. వాటిని విప్పి తొట్టి అమర్చితే అదే బండి. ధర ఎక్కువైనందున చిన్న రైతులలో ఇది వ్యాపించలేదు. కాని అందులోని సూత్రానికి ఖర్చు లేదు: పనిముట్టు నేలకు తగలకుండా, చక్రాల మీద సాగవలెను.

గొర్రు, గుంటకలను రోడ్డుపై ఈడ్వరాదు. బండిలో పొడవుగా పెట్టి తాళ్ళతో బిగించవలెను. ట్రాక్టరు వెనుక ఎత్తిన కల్టివేటరుకు హైడ్రాలిక్ ఒక్కటే చాలదు, గొలుసు కూడా వేయవలెను. దమ్ము చేసే ఇనుప చక్రాలు తారురోడ్డును చీల్చును. వాటిని చేను గట్టునే విప్పవలెను. బయటికి వచ్చిన కొనలకు ఎర్రగుడ్డ కట్టండి. తెల్లవారుజామున చీకటిలో పనిముట్లు తరలించవద్దు. అది మన సభ్యులు పాలతో రోడ్డు మీద ఉండే వేళ.